జొన్నగిరి చేలల్లో రాయి దొరికితే దాని తూకం ఎవరికి తెలుస్తుంది?

రాళ్ళ గురించి మన కృష్ణగిరి జిల్లావాళ్ళకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. గ్రానైట్ దిమ్మెలు వేసుకుని పోయే లారీలను దినమూ చూస్తానే ఉంటాం. మన పక్క క్వారీల్లో కోసిన ‘పారడైసో’ రాయి ఓడలెక్కి ఎవరెవరి వంటిండ్లలోనో బండగా పరుచుకుంటుంది. సామల్‌పట్టి చుట్టుపక్కల కార్బొనటైట్ అనే అరుదైన రాయి ఉంది, భూగర్భశాస్త్రం చదివేవాళ్ళు సుత్తి సంచిలో వేసుకుని దాన్ని చూడను వస్తారు. అయితే క్వారీ రాయికి ఒక లెక్క ఉంది. టేపు పట్టి పొడుగు, వెడల్పు, ఎత్తు కొలుస్తారు, క్యూబిక్ మీటరుకు ఇంత అంటారు. అమ్మేవానికీ కొనేవానికీ కొలత ఒకటే. వజ్రం దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది, వచ్చిన చిక్కంతా అక్కడే.

జూన్‌లో ముంగారు వానలు పడితే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి, అనంతపురం జిల్లా వజ్రకరూరు పక్క చేలు జనంతో నిండిపోతాయి. పిల్లాజెల్లాతో వస్తారు, చెట్ల కింద, బడి వసారాల్లో పండుకుంటారు, తెల్లవారింది మొదలు తల వంచుకుని నడుస్తారు. ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి మన మిల్లు కాలనీల్లోనూ ఈ మాట మొదలైంది. “నాలుగు దినాలు లీవు పెట్టి పోయొద్దామా అన్నా?” అని అడిగేవాళ్ళు ఉండారు. బెంగళూరు, అనంతపురం మీదుగా గుత్తి దాకా పోతే ఆ చేలు ఎంతో దూరం లేవు. కాబట్టి సంగతి తెలుసుకుని పోవడం మేలు.

అక్కడ వజ్రాలు ఉండేది మాత్రం నిజమే. భూమికి 150 కిలోమీటర్ల కంటే లోతున పుట్టిన వజ్రాన్ని కింబర్లైట్ అనే రాయి అగ్నిపర్వతం మాదిరిగా పైకి ఎగదోసి తెస్తుంది. వజ్రకరూరు ప్రాంతంలో అట్లాంటి కింబర్లైట్ గొట్టాలు ఉండాయి. కోట్ల ఏండ్లుగా ఆ రాయి అరిగి, నీళ్ళకు కొట్టుకొచ్చి, మన్నులో కలిసింది. వాన పైమన్నును కడిగినప్పుడు ఎక్కడో ఒక గింజ బయటపడుతుంది. వేలమంది వెదికితే ఏ ఒకరిద్దరికో దొరుకుతుంది. ఆ ఒకరిద్దరి పేరే పేపర్లో వస్తుంది, ఉత్త చేతులతో బస్సెక్కినోళ్ళ పేర్లు రావు.

సరే, దొరికిందే అనుకుందాం. అప్పుడేమవుతుంది?

వ్యాపారులు ఆ ఊర్లలో ముందే కాచుకుని ఉంటారు. బేరం చాటుగా జరుగుతుంది. ఇంత రొక్కం, ఇన్ని తులాల బంగారం అని చేతిలో పెడతారు. దొరికినవాడు కూలి మనిషి. ఆ రాయి ఎన్ని క్యారెట్లో వానికి తెలీదు, కోసి సానబట్టినాక ఎంత నిలుస్తుందో అసలే తెలీదు. పదిమందికి తెలిస్తే ఎక్కడ పోతుందో అనే భయం ఒకటి. రెండు లక్షలంటే వానికి రెండేండ్ల కూలి, కండ్ల నీళ్ళు పెట్టుకుని ఇచ్చేస్తాడు.

ఇది కొత్త కత కాదు. 17వ శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మన గనులకు వచ్చి, చూసిందంతా రాసిపెట్టినాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లలూ కలిసి సుమారు 60,000 మంది పని చేసినారంట. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళూ పిల్లలూ మన్ను మోసినారు. రావల్‌కొండ అని ఆయన రాసిన ఇంకో గనిలో, పని బాగా వచ్చినవానికి కూడా ఏడాదికి కూలి 3 వరహాలే. పెద్ద రాయి దొరికి యజమానికి ఇస్తే బహుమానం ఏమిటంటే పాగాకు ఒక గుడ్డ, దాంతోపాటు అర వరహానో ఒక వరహానో. పండగ బోనసు అడిగితే మిఠాయి డబ్బా చేతికిచ్చినట్టే లేదూ!

ఆయనే రాసిన ఇంకో ముచ్చట నాకు దానికంటే బాగుంది. ఆ గని ఊర్లో పొద్దున్నే చెట్టు కింద వ్యాపారుల పిల్లలు వచ్చి కూర్చునేవాళ్ళు. పదేండ్లవాళ్ళు మొదలు పదహారేండ్లవాళ్ళ దాకా. ఒక్కొక్కని దగ్గర ఒక తిత్తిలో తూకపు రాళ్ళు, ఇంకొక తిత్తిలో డబ్బు. ఎవరైనా వజ్రం తెస్తే పెద్దపిల్లోనికి ఇచ్చేది, వాడు చూసి పక్కవానికి ఇచ్చేది, నోరు మెదపకుండా చేతులు మారి మళ్ళీ మొదటివాని దగ్గరికి వచ్చేది. అప్పుడు బేరం. సాయంత్రం అన్నీ కలిపి, తూకం చూసి, రకాలుగా విడదీసి, పెద్ద వ్యాపారులకు అమ్మి, లాభం పంచుకునేవాళ్ళు. పదేండ్ల పిల్లోని దగ్గర తూకపు రాళ్ళు ఉండేవి. రాయి తవ్విన మనిషి దగ్గర లేవు.

ఇప్పుడు మధ్యప్రదేశ్‌లోని పన్నా సంగతి చూడండి. అక్కడ మామూలు కూలివాడు కూడా ఏడాదికి 200 రూపాయలు కట్టి 8 మీటర్ల పొడుగు, 8 మీటర్ల వెడల్పు నేలను సర్కారు దగ్గర తవ్వకానికి తీసుకోవచ్చు. రాయి దొరికితే ప్రభుత్వ వజ్రాల ఆఫీసులో ఇవ్వాలి. వాళ్ళు తూకం వేసి, రకం కట్టి, రసీదు ఇచ్చి, బహిరంగ వేలంలో పెడతారు. 11.5 శాతం రాయల్టీ, పన్ను పోను మిగతాదంతా దొరికినవానిదే. 2024 జూలైలో అక్కడ ఒక కూలి మనిషికి 19.22 క్యారెట్ల వజ్రం దొరికింది, 80 లక్షల దాకా పలుకుతుందని అంచనా వేసినారు. అయితే ఆయన అంతకుముందు పదేండ్లకు పైగా గుంతలు తవ్వుతూనే ఉండినాడు, అది మరవకండి. పన్నాలోనూ అందరికీ దొరకదు. దొరికినవాడు మోసపోవడం మాత్రం అక్కడ కష్టం. మన రాయలసీమ చేలల్లోనూ అట్లాంటి కాటా ఒకటి పెట్టిస్తే, రాయి ఏరే మనిషికి అంతకు మించిన మేలు లేదని నా అభిప్రాయం.

ఇంత చెప్పినా పోయేవాళ్ళు పోతారు. పోయేవాళ్ళకు కొన్ని మాటలు. చీటీ పాడుకునో, నూటికి అయిదు వడ్డీకి తెచ్చో పోవద్దు. చెప్పకుండా షిఫ్టు ఎగ్గొట్టొద్దు. విత్తనం వేసిన చేనిలో అడుగు పెట్టొద్దు, తొక్కితే రైతు ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. మెరిసేదంతా ఏరుకోవద్దు. చేలల్లో తళతళలాడేది చాలావరకు పలుగురాయే. సాన పట్టని వజ్రం నూనె పూసిన గాజుముక్క మాదిరిగా మసకగా ఉంటుంది. గాజును గీసింది కాబట్టి వజ్రమే అని ఎగరొద్దు, పలుగురాయి కూడా గాజును గీస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, సుత్తితో కొట్టి చూడొద్దు. వజ్రాన్ని ఇంకే రాయీ గీయలేదు, నిజమే, కానీ దెబ్బ పడితే అది పొరవాటంగా చీలిపోతుంది. పెద్ద రాయికి క్యారెట్ ధరే ఎక్కువ. రెండు క్యారెట్ల రాయి, ఒక క్యారెట్ రాయికి రెండింతలు కాదు, ఇంకా ఎక్కువ పలుకుతుంది. ముక్కలైతే ఆ లెక్క పోయినట్టే.

5 క్యారెట్లు ఒక గ్రాము. ఏ బంగారు అంగడి కాటాలోనైనా ఇది తేలుతుంది. వ్యాపారి చేతికి ఇచ్చే ముందు రెండు అంగళ్ళలో తూకం వేయించి, చీటీ రాయించుకుని, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి.