జీపు షాఫ్టు క్రాసుల ఎంపిక

కొండబాటలలో, పొలం దారులలో తిప్పడానికి పాత ఫోర్ వీల్ జీపు కొనదలచి మీలో పలువురు ఋణం కోసం వస్తుంటారు. ఇంజను శబ్దం వింటారు, టైర్లు తడిమి చూస్తారు. బండి కిందికి వంగి ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను పరిశీలించేవారు మాత్రం అరుదు. గేరుపెట్టె నుండి వచ్చే శక్తి చక్రాలకు చేరేది అరచేతిలో ఇమిడే ఈ ఇనుప ముక్కల ద్వారానే.

కొన్ని పాత జీపులలో చేతిబ్రేకు వెనుక చక్రాలపై గాక, ట్రాన్స్‌ఫర్ కేసు వద్ద షాఫ్టుపై పనిచేస్తుంది. టూ వీల్‌లో నడిచే అట్టి బండికి వాలుపై వెనుక క్రాసు విరిగితే చేతిబ్రేకు గాని, గేరు గాని దానిని నిలపజాలవు.

క్రాసుకు నాలుగు చేతులు. ఒక్కొక్క చేతికి ఒక కప్పు, కప్పులో సూదుల వంటి బేరింగులు ఉంటాయి. సీలు చెడి బురదనీరు చేరితే గ్రీజు పోయి సూదులు తుప్పు పడతాయి. కప్పు అంచున ఎర్రని పొడి కనిపించినదా, ఆ క్రాసు పని అయిపోయినట్లే.

అంగడిలో గ్రీజు నిపుల్ ఉన్నవి, శాశ్వతంగా సీలు చేసినవి అని రెండు రకాలు దొరుకుతాయి. రెండవ రకానికి గ్రీజు రంధ్రాలు తొలచరు కనుక దృఢత్వం కొంత ఎక్కువ. అయినను వాగులు దాటే బండికి నిపుల్ ఉన్నదే మేలని నా అభిప్రాయం. నాలుగు కప్పుల వద్దా కొత్త గ్రీజు వెలికి వచ్చేవరకు గన్నుతో ఎక్కిస్తే లోపలి నీరు, మురికి దానితో పాటు బయటపడతాయి. గన్ను ముట్టని యజమానికి మాత్రం సీలు చేసినదే నయం!

పాత క్రాసును దుకాణానికి వెంట తీసుకువెళ్లి కప్పు వ్యాసం, ఎదురెదురు కప్పుల మధ్య పొడవు కొలిపించండి. యోకులో కప్పు వదులైతే ఎంత మంచి క్రాసయినా నిలవదు. అప్పుడు మార్చవలసినది యోకునే. డీలరు మిత్రులు ఈ సంగతి కొనుగోలుదారుకు ముందే చెప్పాలి.

షాఫ్టు విడదీసే ముందు రెండు ముక్కలపై గుర్తులు పెట్టించండి. తిరిగి బిగించినప్పుడు షాఫ్టుకు రెండు చివరల ఉన్న యోకులు ఒకే వరుసలో లేకపోతే బండి అదురుతుంది, కొత్త క్రాసు త్వరగా అరుగుతుంది.

బేరం కుదరకముందే, సమతల నేలపై చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతిబ్రేకు వదిలి, షాఫ్టును చేతితో అటూ ఇటూ కదిపి చూడండి. క్రాసు వద్ద ఏ కొద్దిపాటి లూజు ఉన్నా మార్పిడి ఖర్చును మెకానిక్ చేత వ్రాయించి దరఖాస్తుతో జతపరచండి.