సిరా గీతలలో విద్యుత్తు: తొట్టి నిండినదని తెలుపు దీపము

మోటారు వేసి పొలము పనిలోనికి పోయిన రైతు తొట్టి ఎప్పుడు నిండునాయని చూచుచు కూర్చుండజాలడు. నీరు పొర్లిపోవును, పశువులపాక బురద యగును, కరెంటు దండుగ. తొట్టి నిండగానే వెలుగు చిన్న దీపమును, విద్యుత్తును పోనిచ్చు సిరాగల కలముతో అట్టముక్కపై గీచి మీరే తయారుచేసికొనవచ్చును.

ఈ సిరాలో అతి సన్నని వెండి రేణువులుండును. గీత ఆరగానే రేణువులు ఒకదానినొకటి తాకి, రాగితీగవలె విద్యుత్తునకు దారి యిచ్చును. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున జెన్నిఫర్ లూయిస్ మున్నగువారు 2011లో ఇట్టి కలమును చేసి చూపిరి. కార్బన్ కలిపిన సిరాలు చౌక, కాని వాని నిరోధము హెచ్చు. పెన్సిలు గీత చాలదా యని విద్యార్థులు అడుగుచుందురు. అదియు విద్యుత్తును పోనిచ్చును గాని దాని నిరోధము వేల ఓములుండును. దీపము మినుకుమినుకు మనును. గీత పొడవైనకొలది నిరోధము పెరుగును, వెడల్పయినకొలది తగ్గును. పంటకాలువ సంగతియు నింతే గదా.

9 వోల్టుల బ్యాటరీ, ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపము, బి.సి.547 ట్రాన్సిస్టరు, 1,000 ఓములది ఒకటి, 10,000 ఓములది ఒకటి రెసిస్టర్లు కావలెను. బ్యాటరీ ధనధ్రువమునుండి 1,000 ఓముల రెసిస్టరునకు, అచటినుండి దీపపు పొడుగుకాలికి, పొట్టికాలినుండి ట్రాన్సిస్టరు కలెక్టరునకు, ఎమిటరునుండి ఋణధ్రువమునకు గీతలు గీయుడు. ట్రాన్సిస్టరు చదునుముఖము మీవైపునకు, కాళ్లు క్రిందికి నుంచినచో ఎడమది కలెక్టరు, నడిమిది బేసు, కుడిది ఎమిటరు. బేసునుండి 10,000 ఓముల రెసిస్టరు మీదుగా ఒక తీగ, ధనధ్రువమునుండి మరియొక తీగ తొట్టిలోనికి పోవలెను. నీరు రెండు కొనలను తాకగానే బేసునకు కొద్దిపాటి విద్యుత్తు అందును. అంతమాత్రముననే ట్రాన్సిస్టరు దీపమునకు దారి తెరచును. దీపము సుమారు 2 వోల్టులు తీసికొనును. మిగిలిన 7 వోల్టులకు 1,000 ఓములు అడ్డుపడుటచే 7 మిల్లీయాంపియర్లకు మించి పారదు. కనుక దీపము మాడిపోదు.

నునుపైన దళసరి అట్టను వాడుడు. ఒకే గీతను రెండుమారులు దిద్ది, బాగుగా ఆరనిండు. అట్టను మడచినచో గీత చిట్లును. ఒక గీత మరియొకదానిని దాటవలసివచ్చినచో నడుమ టేపుముక్క అంటించి దానిపై గీయుడు. కాగితముపై మాటు వేయరాదు, కాలిపోవును. కాళ్లను గీతపై పెట్టి టేపుతో గట్టిగా అదిమిన చాలును. సిరా గీతను నీటిలో ముంచకుడు. తొట్టిలో ఉండవలసినది తుప్పుపట్టని ఉక్కుతీగయే. దాని కొనలపై పాచి, ఉప్పు పేరుకొనును, అప్పుడప్పుడు రుద్ది కడుగవలెను.

ఒక్కమాట గట్టిగా చెప్పవలసియున్నది. ఈ సిరా బ్యాటరీ విద్యుత్తునకు మాత్రమే. 230 వోల్టుల ఇంటి లైనునకు గాని, 415 వోల్టుల మోటారు స్టార్టరునకు గాని, తెగిన ఫ్యూజునకు గాని దీనిని పూయరాదు. కాగితము భగ్గుమనును, తడిచేతులతో ఉన్నవాని ప్రాణమే పోవచ్చును. తొట్టి తీగలను మోటారు తీగలకు దూరముగా లాగుడు. ఈ దీపము మోటారును ఆపదు, నిండినదని తెలుపును, అంతే. స్విచ్చి కట్టుటకు మీరే, చేతులు తుడుచుకొని, చెప్పులు తొడిగికొని పోవలెను.