మళ్లీ వార్డుకు వెళ్లేముందు: అపోహలు – వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. అక్కడికి మూడో స్టేషన్ ఎల్బీనగర్. అక్కడ కామినేని ఆస్పత్రి, ఆ చుట్టుపక్కల చిన్నా పెద్దా నర్సింగ్ హోములు. ఈ రెండింటి మధ్య కాలనీల్లో జీఎన్‌ఎమ్ చేసినవాళ్లు, బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. కొన్నేళ్లు డ్యూటీలు చేశాక పెళ్లి, పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, భర్తకు గల్ఫ్‌లో ఉద్యోగం, ఏదో ఒక కారణంతో ఆగిపోయినవాళ్లు. పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ చేరాలనుకుంటారు. సలహాలు అప్పుడు మొదలవుతాయి. కొన్ని అనవసరంగా భయపెడతాయి, కొన్ని లేని ధైర్యాన్ని ఇస్తాయి. రెండో రకంతోనే నాకు బెంగ. భయపడి ఇంట్లో కూర్చుంటే నష్టం ఆ నర్సుది. లేని ధైర్యంతో వార్డులో అడుగుపెడితే నష్టం రోగిది.

“ఐదేళ్లు గ్యాప్ వస్తే రిజిస్ట్రేషన్ పోయినట్టే”

పోదు. చదివిన చదువు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన పేరు గ్యాప్ వల్ల చెరిగిపోవు. ఆగిపోయేది రెన్యువల్. దాన్ని ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఆ ఐదేళ్లలో 150 గంటల నిరంతర నర్సింగ్ విద్య, అంటే సీఎన్‌ఈ, పూర్తిచేసి ఉండాలి. కాబట్టి సీఎన్‌ఈ తరగతులను కాగితం కోసం హాజరయ్యే తంతుగా చూడకండి, మర్చిపోయినవి అడగడానికి అదే చోటు. ఇంకో సంగతి. 2014 జూన్ 2కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవాళ్లు తమ రికార్డు ఇప్పుడు ఏ కౌన్సిల్‌లో ఉందో ముందుగా చూసుకోవాలి. ఇంటర్వ్యూ రోజున తెలుసుకుంటే ఆలస్యమైపోతుంది.

“ముప్పై అయిదు దాటితే ఎవరూ తీసుకోరు”

తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46. ఇక చెప్పేదేముంది.

“స్టాఫ్ నర్స్ కోచింగ్ తీసుకుంటే అంతా గుర్తొచ్చేస్తుంది”

కోచింగ్ చెడ్డదని కాదు, ఆ పరీక్షకు అది అవసరమే. కానీ పరీక్ష అడిగేది నాలుగు జవాబుల్లో సరైనది ఏదని. వార్డులో నాలుగు జవాబులు ఎవరూ ఇవ్వరు. 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి, సెట్ మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి దాదాపు 42 చుక్కలని అక్కడికక్కడే లెక్కగట్టి, గడియారం చూస్తూ సరిచేయాలి. ఈ లెక్క రోజూ ఇంట్లో కాగితం మీద చేయండి. బొమ్మ మీద చేయించే బీఎల్‌ఎస్ శిక్షణ తీసుకోండి. నన్నడిగితే కోచింగ్ ఫీజు కన్నా ముందు కట్టాల్సిన ఫీజు అదే.

“చేతికొచ్చిన పని ఎక్కడికి పోతుంది?”

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. నరం దొరకబుచ్చుకోవడం, మొహం చూసి రోగి పరిస్థితి పసిగట్టడం, ఏడుస్తున్న బంధువును ఊరడించడం మళ్లీ త్వరగానే వచ్చేస్తాయి. మనం ఇంట్లో ఉండగా మారిపోయినవి పద్ధతులూ అంకెలూ.

గుండె ఆగిన మనిషికి ముందు శ్వాసమార్గం, తర్వాత శ్వాస, ఆ తర్వాత రక్తప్రసరణ అని పాత బ్యాచ్‌లు నేర్చుకున్నాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో ఆ వరుస మార్చి ఛాతీ నొక్కడాన్ని ముందుకు తెచ్చింది. 2015 నుంచి పెద్దవాళ్లకు వేగం నిమిషానికి 100–120, లోతు 5–6 సెంటీమీటర్లు. అప్పుడే పుట్టిన బిడ్డకు మాత్రం ఇప్పటికీ శ్వాసే ముందు.

ఆస్పత్రి చెత్తకు 1998 నిబంధనలు పోయి 2016లో కొత్తవి వచ్చాయి. సూదులు తెల్లటి, గుచ్చుకోని డబ్బాలోకి, సెలైన్ ట్యూబులూ గ్లవ్స్ ఎర్ర సంచిలోకి, గాజు వయల్స్ నీలం పెట్టెలోకి, రక్తం అంటిన దూదీ కట్లూ పసుపు సంచిలోకి. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టే అలవాటు మీ చేతికుంటే మొదట వదిలించుకోవాల్సింది దాన్నే. కాన్పుల గదిలో పనిచేసినవాళ్లకు ఇంకొకటి: నొప్పుల చురుకైన దశ నాలుగు సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని చదువుకున్నాం, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో దాన్ని ఐదుకు మార్చింది.

ఇన్సులిన్ దగ్గర మాత్రం ఎంత జాగ్రత్తపడినా ఎక్కువ కాదు. మన దగ్గర ఎక్కువగా దొరికే వయల్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నుల్లోనూ కొన్ని వయల్స్‌లోనూ 100. సిరంజీలూ రెండు రకాలు, ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 40 వయల్ మందును నారింజ మూత సిరంజీలో 20 గీత దాకా తీస్తే రోగికి అందేది 8 యూనిట్లే. తిరగేసి, 100 వయల్ మందును ఎర్ర మూత సిరంజీలో 20 దాకా తీస్తే 50 యూనిట్లు పడతాయి. షుగర్ పడిపోయి ప్రాణం మీదకు రావడానికి అది చాలు. డాక్టరు రాసింది 20, మీరు చూసింది 20, చార్టులో ఎక్కించింది 20. ఎవరి కంటికీ తప్పు కనబడదు. వయల్ మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటేనా అని పైకి చదివి చూసుకోండి, పక్కనున్న సిస్టర్‌తోనూ చదివించండి.

“మనకన్నా చిన్నపిల్లల కింద పనిచేయడం నామోషీ”

ఇన్‌చార్జ్ సిస్టర్ మీ కన్నా పదేళ్లు చిన్నదై ఉండొచ్చు. కంప్యూటర్‌లో చార్టు నింపడం, ఇన్‌ఫ్యూజన్ పంపు పెట్టడం ఆమె దగ్గరే నేర్చుకోవాలి. చేరేటప్పుడే ఒక మాట అడగండి: “అమ్మా, మొదట కొన్ని రోజులు నాకు సొంతంగా బెడ్లు ఇవ్వకుండా ఒక సీనియర్‌తో వేస్తారా? నైట్ డ్యూటీ ఆ తర్వాత చేస్తాను.” అడిగితే చులకనైపోతామేమోనని చాలామంది నోరు మెదపరు. ఆ కొద్ది రోజులూ ఇవ్వడానికి ఒప్పుకోని చోట చేరకుండా, ఇంకో ఆస్పత్రిలో అడగడమే మంచిది.