'అన్న' వెనుక నిలబడితే

పదో తరగతి అయ్యాక సూర్యలంక నుంచి మాలో కొందరం బెజవాడ కాలేజీలకు వెళ్తాము. అక్కడ గ్యాంగు అంటే సినిమాలో చూసినట్టు ఉండదు. వీధి చివర టీకొట్టు, ఒక 'అన్న', ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీలో మన ఫొటో. మొదలు ఇంతే! తరువాత అన్న సెటిల్‌మెంటుకు వెళ్తే వెనుక జనం కావాలి.

2020 మే 30న పటమటలో రెండు వర్గాలు కత్తులు, కర్రలతో కొట్టుకున్నాయి. మూలం యనమలకుదురులోని ఒక భవనం తగాదా. ఒక వర్గం నాయకుడు చనిపోయాడు. వెనుక నిలబడే కుర్రాడికి ఇలాంటి తగాదాల్లో సెంటు భూమి కూడా రాదు, కేసు మాత్రం వస్తుంది. ఐదుగురు, అంతకు మించి ఒకే ఉద్దేశంతో వెళ్లి నేరం చేస్తే, కొట్టినవాడితో పాటు అందరూ బాధ్యులేనంటుంది చట్టం.

పోలీసు ఉద్యోగం దరఖాస్తులో కేసుల వివరం అడుగుతారు. మా సీనియర్ ఒకాయన అక్కడే పెన్ను ఆపేశాడు.