పెద్దప్రేగు కాన్సరు: గడ్డ ఏ వైపున ఉన్నది?

పాలకేంద్రానికి వెళ్ళి వచ్చేసరికే ఆయాసం వస్తున్నదని ఇంటి పెద్ద అంటే, వయసు మీదపడిందని బలం మందుతో సరిపెడతాము. మరొకరికి మలంలో రక్తం పడితే మొలలని నాటు మందు వాడతాము. చాలాసార్లు కారణం చిన్నదే కావచ్చును. కాని ఒక్కొక్కప్పుడు ఈ రెండింటికీ పెద్దప్రేగులోని కాన్సరు గడ్డ మూలం కావచ్చును. గడ్డ ఉన్న చోటును బట్టి లక్షణాలు, చికిత్స, కోలుకొనే అవకాశం మారతాయి.

పెద్దప్రేగు సుమారు 5 అడుగుల పొడవుంటుంది. పొట్టలో కుడివైపు కింద మొదలై పైకి పోయి, అడ్డంగా ఎడమవైపుకు మళ్ళి, కిందికి దిగి మలాశయంలో కలుస్తుంది.

కుడివైపు: ఇక్కడ ప్రేగు వెడల్పు, లోపలి పదార్థం పలుచన. కనుక గడ్డ పెరిగినా దారి త్వరగా మూసుకుపోదు. రక్తం కంటికి కనబడకుండా కొద్దికొద్దిగా పోయి మనిషి పాలిపోతాడు, నీరసిస్తాడు. అందుకే ఈ గడ్డలు తరచు ఆలస్యంగా బయటపడతాయి.

ఎడమవైపు: ఇక్కడ ప్రేగు ఇరుకు, మలం గట్టి. మలబద్ధకం, మలం సన్నబడటం, రక్తం కనబడటం వంటి గుర్తులు ముందే హెచ్చరిస్తాయి.

మలాశయం: తుంటి ఎముకల మధ్య ఇరుకులో ఉండడం వలన ఆపరేషను కష్టం. చాలామందికి ముందుగా రేడియేషన్ ఇస్తారు. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరైతే మలం పోవడానికి పొట్టమీద శాశ్వతంగా దారి ఏర్పాటు చేయవలసి రావచ్చును.

66 పరిశోధనల్లోని 14 లక్షలకు పైగా రోగుల వివరాలను 2017లో కలిపి చూడగా, కుడివైపు వారికన్న ఎడమవైపు వారిలో మరణించే ముప్పు సుమారు 18 శాతం తక్కువగా కనబడింది. రెండు వైపుల గడ్డల్లో జన్యు మార్పులు వేరుగా ఉండడం ఇందుకొక కారణం. వ్యాధి ఇతర అవయవాలకు పాకినప్పుడు ఇచ్చే సెటుక్సిమాబ్ వంటి మందులు కుడివైపు గడ్డలపై అంతగా పనిచేయవు.

అయితే కుడివైపు అన్నంత మాత్రాన అధైర్యపడరాదు. చోటుకన్న దశ ముఖ్యం. ప్రేగు గోడ దాటకముందే తీసివేస్తే, ఏ వైపు గడ్డ అయినా ఎక్కువమందికి నయమవుతుంది.

కనుక కారణం తెలియని రక్తహీనత, మలవిసర్జనలో వారాల తరబడి మార్పు, మలంలో రక్తం కనబడితే డాక్టరుకు చూపించాలి. అవసరమైతే కొలనోస్కోపీతో ప్రేగు మొత్తం పరీక్షిస్తారు. గేదె ఒక పూట మేత ముట్టకపోతే పశువైద్యుని కోసం పరుగెత్తే మనము, మన ఒంటిపట్ల కూడా అంత శ్రద్ధ చూపాలి.