గొంతు పెద్దదైతే పరుగు పెరుగుతుందా?

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు ఆ పసుపు రంగు రోల్స్ రాయిస్ దగ్గర కాసేపైనా ఆగుతారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు పైబడిన ఇంజిన్. నిజాముల దర్జాకు తగ్గట్టు తయారైన బండి! ఇదే మోడల్‌కు 1911లో కంపెనీ కాస్త పెద్ద కార్బురేటర్ బిగించి, కంప్రెషన్ పెంచి, లండన్-ఎడిన్‌బరో మధ్య టాప్ గేరులోనే నడిపించింది. లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఇచ్చిందట.

తాతగారి అంబాసిడర్‌ను అమ్మడానికి మనసొప్పని కుర్రాళ్లకూ ఇదే ఆశ. ఆధారం లేని ఆశేం కాదు. అంబాసిడర్‌లోని 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్, 1955లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారు ఇంజిన్ ఒకే కుటుంబానివి. ఎంజీఏకు మాత్రం రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, దాదాపు 70 హార్స్‌పవర్. కంప్రెషన్ కూడా ఎక్కువే. అసలు తిరకాసు అక్కడే ఉంది. మిగతాదంతా పాతదే ఉంచి కార్బురేటర్ ఒక్కటే మారిస్తే ఒరిగేది కొంచెమే.

లెక్క చూడండి. ఈ ఇంజిన్ నిమిషానికి 4 వేల చుట్లు తిరిగితే పీల్చగలిగే గాలి గరిష్ఠంగా 3 వేల లీటర్లలోపే. నిజంగా లోపలికెళ్లేది ఇంకా తక్కువ. దానికి మించి గొంతు వెడల్పయితే గాలి వేగం పడిపోతుంది. పెట్రోలు తుంపరగా మారదు. ఖాళీ హైవే మీద ఫరవాలేదు గానీ, మదీనా చౌరస్తా ట్రాఫిక్‌లో బండి దగ్గుతుంది!

ఈ విషయంలో ఎస్‌యూ కాస్త మంచిది. ఇంజిన్ ఎంత పీలిస్తే దాని పిస్టన్ అంత పైకి లేచి దారి ఇస్తుంది. సరైన సూది ఎంచుకోవడమే పని. వెబర్‌లో గొంతు కొలత మారదు కాబట్టి చోక్, జెట్లు ఇంజిన్‌కు సరిపడేలా ఏరుకోవాలి. రెండు కార్బురేటర్లు కొనడం తేలికే, రెంటినీ ఒకే శ్రుతిలో పెట్టడమే కష్టం. పాత ఇరుసులు అరిగి అదనపు గాలి లాగుతుంటే ఎంత తిప్పినా కుదరదు. అలాంటప్పుడు ఉన్న ఒక్కదాన్నే కొత్త ఇరుసు, సూది, జెట్‌తో బాగు చేయించడం నయం.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో ఇంకో చిక్కుంది. మిశ్రమం పలచబడుతుంది కాబట్టి సూదో, జెట్టో కాస్త ఎక్కువ పోసేది కావాలి. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి కారతాయి కూడా. ఈ ఇంజిన్‌లో కార్బురేటర్ ఉండేది సరిగ్గా వేడి ఎగ్జాస్ట్ పైనే! అందుకే ముందు గొట్టాలు మార్పించాలి. కొత్త కార్బురేటర్ బేరం తర్వాత.