పరిశోధకుని పత్రాల లెక్క, పిల్లవాడి చేతిలోని మాత్ర

మొన్న వర్షాల్లో ఒక తాతగారు మనవడిని వెంటబెట్టుకుని మా ఓ.పి.కి వచ్చారు. అబ్బాయికి ఏడేళ్ళు. రక్త క్యాన్సర్. అసలు వైద్యం పట్నంలోని క్యాన్సర్ ఆసుపత్రిలో జరిగింది. ఇంజక్షన్ల దశ దాటి ఇప్పుడు మాత్రల దశకు వచ్చాడు కనుక, రక్తపరీక్షకు మాత్రం దగ్గరగా ఉంటుందని మా ఆసుపత్రికి వస్తుంటారు.

పరీక్ష అయ్యాక తాతగారు చేతిసంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టారు. అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపాడట. పైన ఒక పరిశోధకుని ఫోటో, క్రింద అంకెలు. పత్రాలు వందల్లో, సైటేషన్లు వేలల్లో, ఆ తరువాత హెచ్-ఇండెక్స్ అని మరొక అంకె.

"డాక్టరమ్మగారూ, ఇంత గొప్పాయన ఉండగా మనం ఇక్కడ మాత్రలు మింగిస్తూ కూర్చోవడం ఏమిటి? ఎకరంన్నర ఉంది. అమ్మేస్తే ఆయన దగ్గరకు వెళ్ళగలమా?" అని అడిగారు.

ఆ అంకెలు అబద్ధం కాదు. అయితే అవి దేనిని లెక్కపెడతాయో తెలియకుండా పొలం అమ్మకూడదు గదా! ఆ రోజు ఆయనకు చెప్పిన సంగతులే ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. ఇటువంటి కాగితాలు పట్టుకుని వచ్చేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు.

శాస్త్రజ్ఞుడు ఒక సంగతి కనిపెడితే దానిని పత్రంగా వ్రాసి శాస్త్ర పత్రికలో అచ్చు వేయిస్తాడు. తరువాత మరొకరు అదే విషయం మీద వ్రాసేటప్పుడు, "ఈ సంగతి ఫలానా వారు చెప్పారు" అని ఆ పాత పత్రాన్ని పేర్కొంటారు. అలా ఒకసారి పేర్కొంటే ఒక సైటేషన్. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన 1960లలో వీటన్నిటినీ ఒకచోట చేర్చి సూచిక తయారు చేయడం మొదలుపెట్టారు. పాత పత్రాలను వెతుక్కోవడం సులభం కావాలన్నదే ఆ పని మొదలైనప్పటి ఆలోచన. పోనుపోను అదే మనుషులను తూచే తక్కెడ అయింది.

హెచ్-ఇండెక్స్ అన్నది ఇంకా కొత్తది. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు చెప్పిన లెక్క. ఒకరికి హెచ్-ఇండెక్స్ ఇరవై అంటే, ఆయన వ్రాసిన వాటిలో కనీసం ఇరవై పత్రాలను ఒక్కొక్కదానిని ఇరవైసార్లకు తక్కువ కాకుండా ఇతరులు పేర్కొన్నారని అర్థం. "ఇంపాక్ట్ ఫాక్టర్" అన్నది వేరు. అది పత్రికకు ఉండే అంకె, మనిషికి కాదు. చదువుకున్నవారు కూడా ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

ఈ లెక్క ఎక్కడ సరిగ్గా పనిచేస్తుంది, ఎక్కడ తప్పిపోతుంది అని చూడటానికి మనవాడి ఉదాహరణే చాలు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. సొంత అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోవడం కళ్ళారా చూసినవారు. మద్రాసులో వైద్యం చదివి, 1920లలో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర పనిచేశారు.

1925లో వీరిద్దరి పేర్ల మీద ఒక పత్రం వచ్చింది. రక్తంలోనో మూత్రంలోనో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, తరువాత మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. అంతే! ఈ రోజుకు కూడా ప్రయోగశాలల్లో భాస్వరం పరీక్ష చాలావరకు మాలిబ్డేట్‌తోనే చేస్తారు, కాకపోతే రంగును కంటికి బదులు యంత్రం చూస్తుంది. ఆ ఒక్క పత్రాన్ని తరువాతి వారు వేలసార్లు పేర్కొన్నారు. సైటేషన్ల లెక్కలో సుబ్బారావుగారి పేరు నిలబడింది ముఖ్యంగా ఈ కొలత పద్ధతి వల్లనే.

ఇది వింతేమీ కాదు. లోకంలో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు ఉన్న పత్రం కూడా ఇటువంటిదే. 1951లో ఆలివర్ లౌరీ బృందం ప్రోటీను కొలిచే పద్ధతి మీద వ్రాసినది. 2014లో "నేచర్" పత్రిక మొదటి వంద పత్రాల జాబితా వేసినప్పుడు దాని సైటేషన్లు మూడు లక్షలు దాటాయి. డి.ఎన్.ఏ. మెలిక నిచ్చెన ఆకారాన్ని చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పత్రానికి ఆ వందలో చోటే లేదు. కొలత పద్ధతిని వాడుకున్న ప్రతివారూ దానిని పేర్కొనాలి. డి.ఎన్.ఏ. ఆకారమైతే ఇప్పుడు పదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు, దానికి ఎవరి పత్రం పేర్కొంటారు?

సుబ్బారావుగారికి కూడా అదే జరిగింది. కండరానికి, నిజానికి ప్రతి జీవకణానికీ, శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో ఫిస్క్‌తో కలిసి ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనిపెట్టారు. నేడు ఏ.టి.పి. మాట లేని జీవశాస్త్ర పుస్తకం ఉండదు. అయినా 1929 నాటి ఆ పత్రాన్ని పేర్కొనేవారు బహు తక్కువ. అందరి సొత్తు అయిపోయిన సంగతికి సైటేషన్ రాదు.

ఇక క్యాన్సర్ మందు దగ్గరకు వద్దాం. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దొరకక, ఆయన 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను 1945లో తయారు చేసింది. ఆ పత్రంలో చాలామంది పేర్ల మధ్య ఆయన పేరు ఉంది. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా పెరిగినట్లు కనిపించింది. అయితే ఆ విటమిన్‌కు అడ్డుపడే పదార్థం ఇస్తే? సుబ్బారావుగారి బృందం అటువంటిది చేసి పంపింది, పేరు అమినోప్టెరిన్. ఫార్బర్ 1948 జూన్‌లో ఫలితాలు అచ్చు వేశారు. పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు వెనక్కు తగ్గింది. అది తాత్కాలికమే. కానీ అప్పటివరకు ఈ జబ్బుకు ఏ మందూ ఆ మాత్రం చేసింది లేదు.

రక్త క్యాన్సర్ చరిత్రలో గొప్పదిగా చెప్పుకునే ఆ పత్రం రచయితల్లో సుబ్బారావుగారి పేరు లేదు. అమినోప్టెరిన్ తయారీని గురించి 1947లో వచ్చిన రసాయనశాస్త్ర పత్రంలోనూ లేదు, అది ఆయన క్రింద పనిచేసిన ముగ్గురి పేర్ల మీద వచ్చింది. డైరెక్టరు స్థానంలో ఉండి అలా వదిలిపెట్టేవారు ఆ రోజుల్లోనూ తక్కువే, ఈ రోజుల్లో మరీ తక్కువ. రెండు నెలలకు, 1948 ఆగస్టులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. యాభై మూడేళ్ళు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు లాంటి మందు మెథోట్రెక్సేట్. అది కూడా లెడర్లేలో పుట్టినదే. 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్స్ అనే వైద్యులు గర్భసంచి మాయ నుండి పుట్టే ఒక క్యాన్సర్ దీనితో లొంగుతున్నదని చూపారు. కీళ్ళవాతానికీ, సోరియాసిస్‌కూ కూడా ఇస్తున్నాం. దీనిని మింగిన ప్రతి రోగినీ ఒక సైటేషన్‌గా లెక్కవేస్తే సుబ్బారావుగారి ముందు ఎవరూ నిలవరు. కానీ మందుల చీటీని సైటేషన్‌గా ఎవరూ లెక్కవేయరు.

తాతగారికి ఇంతవరకు చెప్పి, ఆయన మనవడి మందుల సంచి విప్పించాను. పసుపు రంగు చిన్న మాత్రలు. మెథోట్రెక్సేట్. "ఇదేనా?" అన్నారు ఆయన, మాత్రను వెలుతురుకు పట్టి చూస్తూ.

ఆ కాగితాల్లోని పెద్దమనిషి సంగతి కూడా చూశాం. ఆయన అణుజీవశాస్త్రజ్ఞుడు. కణాల మీద, ఎలుకల మీద పనిచేస్తారు. గౌరవించదగిన పనే. కానీ ఆయన రోగులను చూడరు! ఎకరంన్నర అమ్ముకుని వెళ్ళినా ఆయన చేయగలిగింది మరొక వైద్యుని పేరు చెప్పడమే. క్యాన్సర్ పరిశోధకుడు, క్యాన్సర్ వైద్యుడు ఒకరే అయి ఉండనక్కరలేదు.

సైటేషన్లు ఎక్కువ ఉన్నంత మాత్రాన సంగతి నిజమని కూడా కాదు. 2006లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, కణితిలోని జన్యువుల తీరు చూసి ఏ రోగికి ఏ క్యాన్సర్ మందు పనిచేస్తుందో చెప్పవచ్చని "నేచర్ మెడిసిన్"లో వ్రాశారు. పేరున్న పత్రిక. ఎందరో దానిని పేర్కొన్నారు. ఆ పద్ధతి నమ్మి రోగుల మీద పరీక్షలు కూడా మొదలుపెట్టారు. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు గణాంక నిపుణులు ఓపికగా లెక్కలు తిరగేస్తే తప్పులు బయటపడ్డాయి. ఒకచోట జన్యువుల పట్టీ మొత్తం ఒక వరుస క్రిందికి జారిపోయి ఉంది. అక్కడితో ఆగలేదు, ఇంకా పెద్ద తప్పులే దొరికాయి. 2011లో ఆ పత్రాన్ని వెనక్కు తీసుకున్నారు. అప్పటికే ఆ పరీక్షల్లో చేరిపోయిన రోగుల మాట ఏ లెక్కలోనూ రాదు.

కనుక ఎవరైనా గొప్ప పరిశోధకుని పేరు చెప్పి కొత్త వైద్యం అంటే ముందు అడగవలసింది, ఇది స్థిరపడిన వైద్యమా, ఇంకా పరీక్ష దశలో ఉన్నదా అని. పరీక్ష దశలో ఉంటే మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, నైతిక కమిటీ అనుమతి ఉండాలి, అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఇంకా పరీక్షలోనే ఉన్న మందుకు మీ దగ్గర లక్షలు అడుగుతుంటే అక్కడే ఆగి, మీ పాత డాక్టరును సంప్రదించండి. అడిగినందుకు ఏ మంచి డాక్టరూ కోపగించుకోడు.

తాతగారు కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. అప్పుడు మందుల సంచిలో మరొకటి కనిపించింది, బలానికని ఎవరో ఇప్పించిన విటమిన్ టానిక్. సీసా మీద ఫోలిక్ యాసిడ్ అని ఉంది. ఏ విటమిన్‌కు అడ్డుపడాలని ఆ మాత్ర ఇస్తున్నామో అదే విటమిన్‌ను చెంచాతో పోస్తున్నారన్నమాట! పాపం, ఎవరూ చెప్పలేదు. టానిక్ ప్రక్కన పెట్టించి, క్యాన్సర్ ఆసుపత్రి వారికి ఫోను చేసి చెప్పాను. (కీళ్ళవాతానికి ఇదే మాత్ర వాడేవారికి ఫోలిక్ యాసిడ్ మేమే ఇస్తాం. అది వేరే లెక్క, మీ అంతట మీరు మానవద్దు.)

నోటి ద్వారా ఇచ్చే మెథోట్రెక్సేట్ సాధారణంగా వారానికి ఒక్క రోజే. ప్రతిరోజూ కాదు. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. నోటిపూత, జ్వరం, ఎక్కడైనా రక్తం కారడం కనిపిస్తే ఆ రాత్రికి ఆగకుండా రండి. నొప్పి మాత్రలు, కోట్రైమోక్సజోల్ వంటి మందులు దీనితో కలిస్తే ఇబ్బంది రావచ్చు కనుక, వేరే డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఈ మాత్ర సంగతి ముందుగా చెప్పండి. గర్భిణులు దీనిని వాడకూడదు.

ఆ అబ్బాయికి మంగళవారం వేసే రోజు. మా నర్సు గోడ క్యాలెండరు ఒకటి ఇచ్చి, ఏడాది పొడవునా మంగళవారాలన్నిటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. మాత్ర వేసిన వెంటనే ఆ సున్నాలో అబ్బాయి చేతే టిక్కు పెట్టించమని తాతగారికి చెప్పాం.